కొట్లో పక్కవాళ్ళ చూపు

నలుగురిలో కలిగే బెరుకు ఏ పాటిదో కొలవడానికి న్యూయార్క్ మనోవైద్యుడు మైకేల్ లీబోవిట్జ్ 1987లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. ప్రపంచమంతటా ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. అందులో 24 సందర్భాలుంటాయి: పదిమందిలో తినడం, పైఅధికారితో మాట్లాడటం, అందరూ కూర్చున్నాక గదిలోకి అడుగుపెట్టడం, సభలో లేచి నోరు విప్పడం వంటివి. ఒక్కోదానికి ఎంత భయం వేస్తుంది, దాన్ని ఎంతగా తప్పించుకుంటారు అని విడివిడిగా మార్కులు వేసుకోవాలి. ఆ 24లో రెండు అచ్చంగా బజారు సంగతులు. కొన్న సరుకును వాపసు ఇవ్వడం ఒకటి, అంటగట్టాలని చూసే సేల్స్‌మన్‌కు లొంగకుండా నిలబడటం రెండోది. రెండింటిలోనూ ఎదుట ఉన్నది అమ్మేవాడే. పక్కన నిలబడ్డ తోటి కొనుగోలుదారు ఆ జాబితాలో ఎక్కడా లేడు.

కొట్లో కలిగే బెరుకు మీద వచ్చిన పరిశోధనలు వరసగా చదువుతుంటే, అసలు కథ జాబితాకెక్కని ఆ మనిషి దగ్గరే ఉందనిపిస్తుంది. సైజు చాలని చొక్కాను వాపసు పట్టుకెళ్ళడానికి వెనకాడే మనిషికి షాపువాడు కుదరదంటాడేమోనన్న దిగులు కొంతే. మాటా మాటా సాగుతున్నంతసేపూ బిల్లు కట్టడానికి నిలబడ్డవాళ్ళంతా తనకేసే చూస్తారన్న దిగులు అంతకంటే ఎక్కువ. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చువేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 1999లోనే తేల్చింది. బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, లోపమున్న సరుకును తిరిగి తీసుకోననడం 2019 చట్టం ప్రకారం కూడా తప్పే. అయినా, చొక్కాలో నిజంగా లోపమున్నా ఆ హక్కును పదిమంది వింటుండగా గొంతెత్తి అడగాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంటికెళ్ళి ఆ చొక్కా తమ్ముడికిచ్చేస్తారు.

అమెరికన్ మనోవైద్య సంఘం నిర్ధారణ గ్రంథంలో ఈ బెరుకు 1980లో విడి రుగ్మతగా చోటు చేసుకుంది. చదువునూ ఉద్యోగాన్నీ ఇంటి పనులనూ చెడగొట్టేంతగానో, తీవ్రంగా బాధపెట్టేంతగానో ఉంటేనే దాన్ని రుగ్మత అంటారు. మామూలు బిడియానికీ దానికీ మధ్య గోడేమీ లేదు, ఒకే దారిలో దగ్గరా దూరమే తేడా. అందుకే బజారు ప్రవర్తన మీద వచ్చిన అధ్యయనాలు రెండు రకాలవాళ్ళకూ ఎంతో కొంత వర్తిస్తాయి. లోపల జరిగేదేమిటో బ్రిటన్ మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో వివరించారు. నలుగురి మధ్యకు రాగానే బెరుకు మనిషి దృష్టి బయటి నుంచి లోపలికి తిరిగిపోతుంది. చెయ్యి వణుకుతోందా, గొంతు పీలగా వచ్చిందా అని తనను తానే కనిపెట్టుకుంటూ ఉంటాడు. తనకు తాను ఎలా అనిపిస్తున్నాడో ఎదుటివాళ్ళకూ అలాగే కనిపిస్తున్నాననుకుంటాడు. ఆ ఇబ్బందిని తట్టుకోవడానికి కొన్ని చాటు ఉపాయాలు పన్నుతాడు. వాటివల్ల గండం గట్టెక్కుతుందిగాని భయం మాత్రం అలాగే మిగిలిపోతుంది, ఉపాయం లేకపోతే ఏమయ్యేదో ఎప్పటికీ తెలియదు కనుక.

ఆ ఉపాయాలు బజార్లో ఎన్నెన్ని! వంతు రాకముందే సరిగ్గా చిల్లర లెక్కపెట్టి గుప్పిట్లో పట్టుకోవడం. ఎవరైనా నిలబడి ఉన్న అర దగ్గరికి వెళ్ళకుండా, వాళ్ళు కదిలేదాకా అక్కర్లేని వస్తువేదో తీసి చదువుతున్నట్టు నటించడం. మోగని ఫోనును చెవి దగ్గర పెట్టుకోవడం. ట్రయల్ రూమ్ ముందు జనం ఉన్నారని కొలత చూసుకోకుండానే కొనేయడం. ఖాళీ చేతులతో బయటికొస్తే ఏమనుకుంటారోనని ఒక సబ్బో పెన్నో కొనుక్కుని రావడం. వ్యాపారులకు ఈ చివరిదాని సంగతి బాగా తెలుసు.

పక్కమనిషి నోరు మెదపకుండా ఊరికే నిలబడితే చాలు, కొనుగోలు మారిపోతుందని జెనిఫర్ ఆర్గో, డారెన్ డాల్, రాజేశ్ మంచందా 2005లో చూపించారు. విశ్వవిద్యాలయంలోని ఒక షాపుకు విద్యార్థులను బ్యాటరీలు కొనుక్కురమ్మని పంపారు. బ్యాటరీల అర దగ్గర ఒకసారి ఎవరూ లేరు, ఒకసారి ఒకరున్నారు, ఒకసారి ముగ్గురున్నారు. వాళ్ళంతా పరిశోధకులు పెట్టిన మనుషులే. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఒక్కరుంటే కొనేవాడికి కాస్త తోడుగా అనిపించింది, ముగ్గురు దగ్గరగా ఉంటే చిరాకూ ఇబ్బందీ కలిగాయి. మనసులో ఏమనిపించినా, చుట్టూ మనుషులు పెరిగేకొద్దీ ఖరీదైన బ్రాండు వైపే చెయ్యి వెళ్ళింది. బ్యాటరీ వేసేది టార్చిలోపల, ఎవరికీ కనిపించదు. అయినా చవకది తీస్తుండగా ఎవరైనా చూస్తే? పెళ్ళిళ్ళ సీజన్లో బంగారం కొట్లో పక్క కుర్చీవాళ్ళ ముందు తేలికపాటి గొలుసు చూపించమని అడగలేక బడ్జెట్ దాటిపోయిన కుటుంబాలను తలుచుకుంటే ఈ ఫలితం మనకేమీ వింతగా తోచదు.

అదే బృందం అంతకు ముందు, 2001లో, కండోమ్ కొనడంలో సిగ్గు గురించి రాసింది. అక్కడ ఇంకొకరు నిజంగా ఉండనక్కర్లేదు, ఉన్నట్టు ఊహించుకున్నా సిగ్గు పుడుతుంది. ఆ వస్తువు కొనడం అలవాటైనవాళ్ళకు మాత్రం పక్కన ఎవరున్నా అంత పట్టింపు ఉండదు. మన ప్రభుత్వం 1968లో నిరోధ్ కండోమ్‌ను రాయితీ ధరకు ఊరూరా కిరాణా కొట్లలోకి కూడా తెచ్చింది. ధర అడ్డంకి తీరింది. కొట్లో పేరు పెట్టి అడగాల్సిన అడ్డంకి అలాగే ఉంది. మందుల షాపు కౌంటర్ దగ్గర మన ఏర్పాటు చూడండి: మందులన్నీ అవతల, కొనేవాళ్ళంతా ఇవతల, భుజాలు తగులుతూ. కావలసింది వాళ్ళందరికీ వినబడేలా చెప్పాలి. శానిటరీ ప్యాడ్లను అడక్కముందే న్యూస్‌పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి ఇవ్వడం ఈ ఇబ్బందికి షాపువాళ్ళు కనిపెట్టిన విరుగుడు. నల్ల కవరు చూడగానే అందులో ఏముందో వీధి వీధంతా గ్రహిస్తుందన్నది వేరే సంగతి. ఇబ్బందికరమైన వస్తువును దాచడానికి బుట్టలో మరికొన్ని వస్తువులు పేర్చే అలవాటు మీద షాన్ బ్లెయిర్, నీల్ రోజ్ 2013లో చేసిన పనిలోనూ ఇలాంటి ఎదురుదెబ్బే కనిపిస్తుంది. ఆ అదనపు వస్తువులు అసలుది వేసే ముద్రకు విరుగుడుగా ఉంటే సిగ్గు తగ్గుతుంది, దానికి తగినట్టుగా ఉంటే ఇంకా పెరుగుతుంది.

నోటితో అడగాల్సిన అవసరం తీసేస్తే ఏమవుతుందో స్వీడన్ చెబుతుంది. అక్కడ మద్యం అమ్మకం సిస్టెంబోలాగెట్ అనే ప్రభుత్వ సంస్థదే. 1990ల నుంచి ఆ షాపులు ఒక్కొక్కటిగా కౌంటర్ పద్ధతి వదిలి, ఎవరికి కావలసింది వాళ్ళు అరలోంచి తీసుకునే పద్ధతికి మారాయి. పరిశోధకుడు ఆవీ గోల్డ్‌ఫార్బ్, అతని సహచరులు ఆ మార్పును గమనించి 2015లో ప్రచురించారు. నోరు తిరగని పేర్లున్న మద్యాల వాటా ఆ మార్పుతో సుమారు 8 శాతం పెరిగింది. అంటే అంతకాలమూ కొందరు తమకిష్టమైనదాన్ని వదిలి, పలకగలిగినదాన్ని కొనుక్కుపోయారన్నమాట. కాఫీ షాపులో మెనూ పేర్లు ఎలా పలకాలో తెలియక, వెనక కుర్రకారు నవ్వుతారేమోనని "ఒక కాఫీ" అని ఊరుకునే మన పెద్దవాళ్ళు ఆ స్వీడన్ వాళ్ళను ఇట్టే అర్థం చేసుకుంటారు.

జనసమ్మర్దం గురించి వచ్చిన రాతలు ఎక్కువేగాని అవి ఒకదానికొకటి పొసగవు. న్యూయార్క్ బ్లూమింగ్‌డేల్స్ షాపులో గుమ్మం దగ్గరున్న టైల స్టాండు ముందు జనాన్ని వీడియో తీసిన పాకో అండర్‌హిల్, వెనక నుంచి ఒకటి రెండుసార్లు ఎవరైనా రాసుకుంటే చాలు, కొనబోయేవాళ్ళు అక్కడి నుంచి జారుకుంటున్నారని 1999లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. బ్రెట్ మార్టిన్ 2012లో దీన్ని ప్రయోగంగా చేసి చూశాడు. అపరిచితుడు తగిలినవాళ్ళు షాపులోంచి తొందరగా వెళ్ళిపోయారు, చేతిలో ఉన్న సరుకునూ తక్కువ చేసి చెప్పారు. ఇటు మన దేశంలో బిగ్ బజార్ పెట్టిన కిశోర్ బియానీ నేర్చుకున్నది దీనికి తలకిందులు. విశాలంగా, నీటుగా ఉన్న షాపులో జనం నడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు, కొనడం లేదు. అందుకని నడవలు కావాలనే ఇరుకు చేయించి, సరుకు గుట్టలు పోయించి, సంతలో ఉండే సందడి తెప్పించాడు. అమ్మకాలు పెరిగాయి.

మన జనానికి ఒళ్ళూ ఒళ్ళూ రాసుకోవడమంటే ఇష్టమని దీన్ని బట్టి తేల్చేయడం తొందరపాటు. నాకు తోచేదేమిటంటే, ఖాళీ షాపులో మనిషి బయటపడిపోతాడు, గుంపులో దాక్కుంటాడు. నలుగురు సేల్స్‌మన్లు చూస్తుండగా మెరిసే గచ్చు మీద నడవడం కంటే కోఠీ సుల్తాన్ బజార్లోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో తోపులాటలో పడి ధర అడిగి, నచ్చక ముందుకు సాగిపోవడం బిడియస్తులకు తేలిక. అక్కడ ఎవరూ ఎవరినీ గుర్తుపెట్టుకోరు. తెలిసిన మొహాలున్న చోటే చిక్కు. చిన్న ఊళ్ళో మందుల షాపు ముందు నిలబడ్డవాళ్ళలో ఒకరు మేనత్త తోటికోడలు, ఇంకొకరు స్కూలు మాస్టారు అయ్యుంటారు. పక్క ఊరికి బస్సెక్కి వెళ్ళి గర్భ నిర్ధారణ కిట్టు కొనుక్కునేవాళ్ళు ఉన్నారంటే కారణం ఇదే. ఈ తేడాను పడమటి అధ్యయనాలు పెద్దగా పట్టించుకోలేదు, వాటిలో పక్కనున్నవాళ్ళు చాలావరకు అపరిచితులే.

అన్నిటికంటే తక్కువ రాతలు వచ్చింది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది వంతు సంగతి. క్యూ ఉన్నచోట నియమం మనిషి తరఫున మాట్లాడుతుంది. మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ బృందం న్యూయార్క్‌లో 129 క్యూలలో మనుషులను మధ్యలో దూర్పించి చూసి 1986లో ప్రచురించింది. ఎదురుచెప్పినవాళ్ళు ఎక్కువగా దూరినవాడి వెనక ఉన్నవాళ్ళే, అందులోనూ సరిగ్గా వాడి వెనకాలున్న మనిషి. అంతమాత్రాన క్యూ కూడా పూర్తిగా కలిసిరాదు. వెనక జనం ఉన్నారన్న ఎరుక రెండు రకాలుగా పనిచేస్తుంది. రాంగ్రాంగ్ జౌ, దిలీప్ సోమన్ 2003లో చూపినట్టు, వెనక ఎంత పొడుగు వరస ఉంటే క్యూలో నిలబడటం అంత హాయి. తన వంతు వచ్చి పని మొదలయ్యాక అదే వరస మెడ మీద ఊపిరవుతుందని 2018లో జర్మన్ పరిశోధకులు రాశారు. ఏటీఎంలో పిన్ నంబరు తప్పు కొట్టినవాళ్ళందరికీ ఇది అనుభవమే.

క్యూ కూడా లేని చోటు మన కిరాణా కొట్టు. సాయంత్రం ఆరింటికి కౌంటర్ చుట్టూ అర్ధచంద్రాకారంగా జనం. కొట్టాయన చెవి ఎవరి గొంతుకు తగిలితే వాళ్ళకు ముందు పొట్లం. "అన్నా, అర కిలో కందిపప్పు" అని ఒకరి భుజం మీదుగా ఇంకొకరు చెయ్యి చాస్తారు. గట్టిగా అరవలేని పిల్లాడు, ఊరికి కొత్తగా వచ్చిన కోడలు, భాష సరిగా రాని కూలీ ఆఖరున మిగులుతారు. ఇక్కడ కావలసింది డబ్బు మాత్రమే కాదు, నలుగురినీ కాదని తన వంతు తాను లాక్కునే తెగువ. ఏ షాపు ఏర్పాటు ఎంత తెగువ అడుగుతుందో చూస్తే, బెరుకు మనుషులు ఎక్కడ కొంటారో ఎక్కడ కొనరో సగం చెప్పేయవచ్చు. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచి, కొనేవాళ్ళనే అరల మధ్యకు వదిలాడు. సిబ్బంది ఖర్చు తగ్గించుకోవడం అతని ఉద్దేశం. అరవలేనివాళ్ళకు కూడా దానివల్ల మేలు జరిగింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలైనప్పుడు ధరల బోర్డు పెట్టడమూ అంతే. బేరమాడటం చేతకాక, పక్కావిడ తక్కువకు కొనుక్కుంటుంటే చూస్తూ ఎక్కువిచ్చి వచ్చేవాళ్ళకు ఆ బోర్డు గొంతయింది.

అయితే పక్కవాళ్ళ చూపు అంతా ఊహేనా? మనస్తత్వ శాస్త్రం అవునన్నట్టే మాట్లాడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం, తొడుక్కోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు వేసి విద్యార్థులను కొంతమంది ఉన్న గదిలోకి పంపింది. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్ళనుకున్నారు, నిజానికి గమనించింది అందులో సగమే. 2000లో వచ్చిన ఈ అధ్యయనం బిడియస్తులకు చెప్పే ఊరడింపు మాటల్లో ముందుంటుంది. కానీ ఆ ఊరడింపు అందరికీ సమానంగా చెల్లదు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిపిన సర్వే ఆధారంగా 2006లో వచ్చిన అంటరానితనం అధ్యయనం ప్రకారం మూడో వంతుకు పైగా ఊళ్ళలో దళితులను కొట్లోకి రానిచ్చేవారు కాదు. బయటే నిలబడి, మిగతావాళ్ళు కొనుక్కునేదాకా ఆగి, డబ్బు కింద పెట్టాల్సి వచ్చిన తరాల మనుషులకు "నిన్నెవరూ చూడటం లేదు" అని చెప్పడం అన్యాయం. వాళ్ళను చూశారు, లెక్కగా చూశారు. పట్నం మాల్ గుమ్మం దగ్గర బట్టల్ని బట్టి మనిషిని తూచే చూపు ఆ పాత చూపుకు దూరపు చుట్టమే. బెరుకును మెదడులో పొరపాటుగా మాత్రమే చదివే సమీక్షలన్నిటిలో ఉన్న లోటు ఇది.

తోటి కొనుగోలుదారు భయపెట్టడానికే లేడు. మేరీ ఆన్ మెక్‌గ్రాత్, సెలే ఓట్నెస్ 1995లో షాపుల్లో అపరిచితులు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారో వర్గాలుగా విడదీశారు. సాయమడిగేవాళ్ళు, అడక్కుండానే సాయపడేవాళ్ళు, మెచ్చుకునేవాళ్ళు, పోటీపడేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు, ఇంకా కొందరు. వీళ్ళందర్నీ ఒకే గంటలో చూడాలంటే మన చీరల షాపులో పరుపు మీద కూర్చుంటే సరి. "ఆ నెమలిపింఛం రంగు మీకు కాకపోతే ఇటు పడెయ్యండమ్మా" అని ఒకావిడ. "మీ ఒంటికి ఆ అంచు ఎంత బావుందో, తీసేసుకోండి" అని ముక్కూమొహం తెలియని ఇంకొకావిడ. సేల్స్‌మన్ వంద మాటలు చెప్పినా నమ్మని మనిషి ఈ రెండో ఆవిడ ఒక్కమాటకు బిల్లు వేయించేస్తుంది. బిడియస్తురాలికి అదే చోటు నరకం కావచ్చు. ఎంతసేపూ పక్కావిడ ఒళ్ళోని చీర మీదే కన్ను, అడగడానికి నోరు రాదు. తీరా ఆ చీర మడతపడి లోపలికి వెళ్ళిపోతుంది.

ఈ ఇబ్బందిని వ్యాపారులు తేలిగ్గా తీసుకోలేదు. ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ 1937లో చక్రాల బండి తెస్తే మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. బుట్ట మోయలేని బలహీనులనుకుంటారని మగవాళ్ళు, పిల్లల బండ్లు తోసింది చాలని ఆడవాళ్ళు తప్పుకున్నారు. జీతమిచ్చి కొందరిని కొనుగోలుదారుల్లా బండ్లు తోయించాకే అలవాటయిందని ఆయన తరువాత చెప్పుకున్నాడు. పక్కవాడి చూపు తెచ్చిన సమస్యకు పక్కవాడి చేతనే మందు వేయించాడు. దక్షిణ కొరియాలో ఇన్నిస్‌ఫ్రీ 2016లో రెండు రకాల బుట్టలు పెట్టింది, ఒకటి సాయం కావాలనేవాళ్ళకు, రెండోది తమను వదిలెయ్యమనేవాళ్ళకు. నెదర్లాండ్స్‌లో యుంబో సూపర్‌మార్కెట్ 2019లో దీనికి ఎదురుదారి పట్టింది. ఒంటరి వృద్ధుల కోసం, తొందర లేకుండా కబుర్లు చెప్పుకుంటూ బిల్లు వేయించుకునే కౌంటర్ తెరిచింది. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కోరు, ఎందుకంటే వాళ్ళూ అందుకే ఆ వరసలోకి వచ్చారు.

మన నగరాల్లో పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లు మనుషులనే తప్పించేశాయి. మందుల షాపు ముందు గొంతు తగ్గించి మాట్లాడే ఆడపిల్లకు ఇది నిజమైన విడుదల, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. రుగ్మత స్థాయి బెరుకున్నవాళ్ళ విషయంలో మాత్రం చికిత్స చేసేవాళ్ళకు ఇలా మనుషులను తప్పించుకోవడమే బెంగ. బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శకాలు 2013లో ఈ రుగ్మతకు మొదటి చికిత్సగా సూచించిన ఆలోచనా ప్రవర్తనా చికిత్సలో సగం పని గదిలో జరగదు, బజార్లో జరుగుతుంది. భయపడే సందర్భాన్ని చిన్నదాని నుంచి పెద్దదానికి మెట్లుగా పేర్చి, చాటు ఉపాయాలు మానేసి ఎక్కమంటారు. మన ఊళ్ళకు తగ్గట్టు ఆ మెట్లు వేసుకోవడం కష్టమేమీ కాదు. మొదట రైతు బజారులో బోర్డు ఉన్నా సరే ధర అడిగి కొనకుండా రావడం. తరువాత బిల్లింగ్ కౌంటర్ దగ్గర, వెనక వరస ఉండగా, చిల్లర తాపీగా లెక్కపెట్టడం. ఆ పైన, అరకు అడ్డంగా నిలబడ్డ మనిషిని "కాస్త జరుగుతారా అండీ" అనడం. చీరల షాపులో పక్కావిడను "మీరు చూశాక ఒకసారి ఇటివ్వండి" అనడం. ఇవన్నీ అయ్యాక సాయంత్రం ఆరింటికి కిరాణా కొట్టుకు వెళ్ళి, భుజం మీదుగా ఎవరి చెయ్యో ముందుకు వచ్చినప్పుడు, కొట్టాయనతో కాదు, ఆ చేతి మనిషితోనే "నేను ముందొచ్చానండీ" అనడం.